స్టీరింగ్ పనికి సరసమైన సరంజామా

కారు చక్రాలను పక్కకు తిప్పే భాగాల్లో తరచూ అరిగేవి కొన్నే: టై రాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్, లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్, వాటి రబ్బరు బూట్లు. చిన్న కార్లకు ఇవి ఆటోనగర్ దుకాణాల్లో అందుబాటు ధరల్లోనే దొరుకుతాయి. వాటిని ఇంటి దగ్గరే మార్చుకోవాలంటే మొదట్లో అసలు ఖర్చు పనిముట్లదే. అన్నీ ఖరీదైనవే కొంటే మిగిలిన కూలి డబ్బు అక్కడే పోతుంది. అన్నీ చౌకవే కొంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏది కొనాలి, ఏది అరువు తెచ్చుకోవాలి, దేని దగ్గర రూపాయి కూడా తగ్గకూడదు అన్నది తేల్చుకోవడానికి పనికొచ్చే విశేషాలివి.

పైసా ఖర్చు లేని పరీక్ష

ముందు చక్రాన్ని నేల విడిచేలా ఎత్తి, కారును స్టాండు మీద నిలపండి. చక్రాన్ని గడియారంగా ఊహించుకుని 9, 3 అంకెల దగ్గర రెండు చేతులా పట్టి ఇటూ అటూ కదపండి. లొడలొడలాడితే లోపం చాలావరకు టై రాడ్ ఎండ్‌లోనో ర్యాక్ ఎండ్‌లోనో ఉంటుంది. 12, 6 అంకెల దగ్గర పట్టి కదిపినప్పుడు ప్లే ఉంటే బాల్ జాయింటునో వీల్ బేరింగునో అనుమానించాలి. ఒకరు చక్రం కదుపుతుంటే మరొకరు జాయింటు మీద వేలు ఆనించి చూస్తే ప్లే ఎక్కడుందో ఇట్టే తెలుస్తుంది. ఏ భాగం పోయిందో తేలకుండా పనిముట్ల దుకాణానికి వెళ్లడమే మొదటి దుబారా.

రబ్బరు బూటు చిరిగితే

బాల్ జాయింటులో ఉక్కు గుండు ఒకటి గిన్నెలో కూర్చుని గ్రీజులో తిరుగుతుంటుంది. దానికి కాపలా రబ్బరు బూటు. అది చిరిగితే గ్రీజు బయటికి కారుతుంది, దుమ్మూ నీళ్లూ లోపలికి చేరతాయి. ఆ తర్వాత గుండు త్వరత్వరగా అరుగుతుంది. టైరు విప్పిన ప్రతిసారీ టార్చిలైటుతో బూట్ల చుట్టూ ఒకసారి చూడటం అలవాటు చేసుకుంటే జాయింటు పోకముందే మేలుకోవచ్చు.

గ్రీజు గన్ అక్కర్లేదు

జాయింట్లలోకి గ్రీజు ఎక్కించే చిన్న నిపుల్ మీద ఆస్కార్ జెర్క్‌కు 1929లో అమెరికాలో పేటెంటు దక్కింది. అంబాసిడర్ తరం కార్లకు ఇలాంటి నిపుల్స్ ఉండేవి. వేళకు గ్రీజు కొట్టించడం యజమానులకు అలవాటైన పని. నేటి చిన్న కార్లలో బాల్ జాయింట్లూ టై రాడ్ ఎండ్లూ చాలావరకు గ్రీజుతో సీలు చేసి వస్తాయి, నిపుల్ ఉండదు. కాబట్టి కొనాల్సిన జాబితాలోంచి గ్రీజు గన్ కొట్టేయొచ్చు.

గుర్రపు బండి నుంచి వచ్చిన లెక్క

మలుపులో లోపలి చక్రం చిన్న వలయంలోనూ బయటి చక్రం పెద్ద వలయంలోనూ తిరగాలి. అందుకే లోపలి చక్రం కాస్త ఎక్కువ తిరిగేలా స్టీరింగును అమరుస్తారు. మ్యూనిక్‌లో బండ్లు కట్టే గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ ఈ అమరికను రూపొందించగా, ఆయన తరఫున రుడాల్ఫ్ అకర్‌మాన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నాడు. పేరు మాత్రం అకర్‌మాన్‌దే నిలిచిపోయింది. ఈ లెక్క కుదరాలంటే రెండు వైపుల టై రాడ్ల పొడవు సరిగ్గా ఉండాలి. టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు కొలతలు అంత జాగ్రత్తగా రాసుకోమనడం అందుకే.

ఐదు పిడులు, పది సాకెట్లు

సాకెట్‌నూ పిడినీ విడదీయడంలోనే పెద్ద పొదుపు ఉంది. 1920లో మొదలైన అమెరికన్ సంస్థ స్నాప్-ఆన్ తొలి సరుకు ఇదే: ఐదు రకాల పిడులు, పది సాకెట్లు. ఏ పిడికి ఏ సాకెటైనా తగిలించుకోవచ్చు గనుక యాభై పనిముట్ల పని పదిహేనుతో అయిపోతుంది. నూరు ముక్కల భారీ పెట్టె కనబడగానే చేయి చాచకుండా ఈ సూత్రం గుర్తు చేసుకోవాలి. స్టీరింగ్ పనికి మంచి రాచెట్ ఒకటి, పొడుగు కడ్డీ ఒకటి, కావలసిన కొలతల్లో నాలుగైదు సాకెట్లు, అవే కొలతల్లో రింగు స్పానర్లు ఉంటే పని గడుస్తుంది.

నట్టు మిల్లీమీటర్లలో, పిడి అంగుళాల్లో

మన కార్ల నట్లన్నీ మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి. వాటిని తిప్పే రాచెట్ మీది చదరపు మొన మాత్రం ప్రపంచమంతటా అంగుళాల్లోనే ఉంటుంది: పావు, మూడు బై ఎనిమిది, అర. స్టీరింగ్, సస్పెన్షన్ పనులకు అర అంగుళానిదే తీసుకోవాలి. పావు అంగుళానిది ఆ బలానికి విరిగిపోతుంది. చిన్న కార్లలో 17, 19, 21, 22 మిల్లీమీటర్ల నట్లు తరచూ ఎదురవుతాయి. చక్రం నట్లు కొన్ని కంపెనీలవి 19, కొన్నిటివి 21. కొనేముందు మీ బండి నట్లను కొలుచుకుని వెళితే అక్కరలేని సాకెట్లకు డబ్బు పెట్టనక్కర్లేదు.

ఆరు మూలలదే మేలు

సాకెట్ లోపలికి తొంగి చూడండి. కొన్నిటికి ఆరు మూలలుంటాయి, కొన్నిటికి పన్నెండు. పన్నెండు మూలలది నట్టు మీద త్వరగా కూర్చుంటుంది, ఇరుకు చోట్ల అనువు. ఆరు మూలలది నట్టు పలకలను నిండుగా పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి బురదలో నానిన టై రాడ్ నట్టు మూలలు అరిగిపోకుండా రావాలంటే ఆరు మూలల సాకెట్టే దిక్కు. మూలలు పోయిన నట్టుతో పెనుగులాడుతూ ఓ మధ్యాహ్నం పోగొట్టుకోవడం కన్నా కొనేటప్పుడే చూసుకోవడం నయం.

మెరిసేది చేతికి, నల్లది యంత్రానికి

తళతళలాడే సాకెట్లు ఎక్కువగా క్రోమ్ వెనేడియం ఉక్కువి. చేతి బలానికి భేషుగ్గా నిలుస్తాయి. గాలితోనో బ్యాటరీతోనో దడదడ కొట్టే ఇంపాక్ట్ గన్‌కు వీటిని తగిలిస్తే పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదముంది. దానికి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు వేరే ఉంటాయి. చాలావాటిని క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో చేస్తారు, గోడలు మందంగా ఉంటాయి. చేత్తోనే పని చేసుకునేవారికి నల్లవాటి అవసరం లేదు, ఇంపాక్ట్ గన్ అవసరమూ లేదు.

జలంధర్ నుంచి రాణిగంజ్ దాకా

చేతి పనిముట్ల తయారీకి మన దేశంలో పేరున్న ఊళ్లలో జలంధర్ ఒకటి. ఆ పరిశ్రమకు తోడ్పాటుగా కేంద్ర చేతి పనిముట్ల సంస్థను 1983లో అక్కడే నెలకొల్పారు. తపారియా పనిముట్లు నాసిక్‌లో తయారవుతాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ ఇలాంటివి చేత్తో పట్టుకుని, బరువూ మూలలూ చూసుకుని కొనుక్కోవచ్చు. మన దేశంలోనే తయారైన మంచి స్పానర్ల సెట్టు దిగుమతి బ్రాండు ధరలో చిన్న వంతుకే వస్తుంది, ఇంటి వాడకంలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. పేరూ ఊరూ ముద్రించని సరుకును మాత్రం ఎంత చౌకైనా పక్కన పెట్టేయాలి.

ఆదివారం సంతలో ఏం కొనొచ్చు

హైదరాబాద్ ఎర్రగడ్డలో ఆదివారం జరిగే సంతలో పాత పనిముట్లు బేరానికి దొరుకుతాయి. స్పానర్లు, సుత్తులు, కడ్డీలు, పైపు రెంచీలు పాతవైనా పరవాలేదు. ఉక్కు మంచిదైతే చాలు. స్పానరు నోరు సాగి వెడల్పయిందేమో కొత్త నట్టు పెట్టి చూడండి. పై పూత పెచ్చులుగా లేచినవి వద్దు, ఆ అంచులు చేతిని కోస్తాయి. హైడ్రాలిక్ జాకీలు, స్టాండ్లు, టార్క్ రెంచీలు మాత్రం పాతవి కొనకూడదు. వాటి లోపలి లోపం కంటికి కనబడదు, కనబడే రోజున ఆలస్యమైపోతుంది.

పొడవే బలం

పావు మీటరు పొడవున్న పానా చివర 20 కిలోల బరువు మోపితే నట్టు మీద పడే మెలితిప్పు బలం దాదాపు 49 న్యూటన్ మీటర్లు. అదే బరువును 60 సెంటీమీటర్ల కడ్డీ చివర మోపితే దాదాపు 118. కండబలం అంతే, ఫలితం రెట్టింపు పైనే. బిగుసుకుపోయిన నట్టును విప్పడానికి రాచెట్‌ను వాడకండి, లోపలి చిన్న పళ్లు విరుగుతాయి. పళ్లు లేని పొడుగు కడ్డీ, అంటే బ్రేకర్ బార్, ఆ పనికే పుట్టింది. మొత్తం సరంజామాలో పెట్టిన డబ్బుకు ఎక్కువ పని చేసేది ఇదే.

క్షిపణి కోసం పుట్టిన డబ్బా

నీలం, పసుపు రంగుల డబ్ల్యూడీ-40 డబ్బా తెలియని షెడ్డు లేదు. 1953లో శాన్ డియాగోలోని రాకెట్ కెమికల్ కంపెనీ నలభయ్యో ప్రయత్నంలో దీన్ని సాధించింది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా తేమను తరిమేయడం దీని తొలి ఉద్యోగం. తుప్పులోకి ఇంకి నట్టును వదులు చేయడానికి ప్రత్యేకంగా చేసిన నూనెలు వేరే ఉన్నాయి. ఏది వాడినా ముందు వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, నూనె కొట్టి, రాత్రంతా వదిలేయండి. దేనికన్నా బాగా పనిచేసేది ఓపిక, దానికి ధర లేదు.

నట్టుతో పాటు స్టడ్డూ తిరిగితే

టై రాడ్ ఎండ్ నట్టు విప్పుతుంటే కింద గుండు, దానికున్న కాడ (స్టడ్డు) కూడా గిరగిర తిరగడం మామూలే. కొన్ని జాయింట్ల స్టడ్డు కొసన అలెన్ కీ పట్టే గుంట ఉంటుంది. కీతో స్టడ్డును ఆపి, రింగు స్పానరుతో నట్టు తిప్పాలి. గుంట లేకపోతే జాయింటును పట్టుకారుతోనో కడ్డీతోనో నకిల్ (చక్రాన్ని మోసే స్టీరింగ్ భాగం) రంధ్రంలోకి గట్టిగా నొక్కి పట్టాలి. అప్పుడు సూదిగా సన్నబడిన స్టడ్డు బిగుసుకుని తిరగడం మానేస్తుంది. నొక్కగానే బిగిసిపోయే పట్టుకారును నెబ్రాస్కాకు చెందిన కమ్మరి విలియం పీటర్సన్ కనిపెట్టి, 1924లో పేటెంటు పొందాడు. ఇలాంటి సమయాల్లో మూడో చేయిగా అక్కరకొస్తుంది.

సుత్తా, ఫోర్కా, పుల్లరా

నట్టు విప్పినా స్టడ్డు నకిల్‌లోంచి ఊడి రాదు. రాపిడితోనే పట్టుకుని ఉంటుంది. దాన్ని విడదీయడానికి మూడు దారులున్నాయి. మొదటిది సుత్తి: నట్టును స్టడ్డు కొస దాకా వదులు చేసి ఉంచి, నకిల్ కన్ను పక్కన బలంగా కొట్టాలి. దెబ్బకు కన్ను క్షణకాలం అదిరి పట్టు వదులుతుంది. నకిల్ అల్యూమినియందైతే ఈ దారి తొక్కకూడదు. రెండోది రెండు కొమ్ముల ఫోర్కు: చౌక, త్వరితం, కానీ బూటును చింపేస్తుంది. పారేసే జాయింటు మీద మాత్రమే వాడాలి. మూడోది దవడల పుల్లరు: బోల్టు తిప్పుతుంటే స్టడ్డును నెమ్మదిగా బయటికి నొక్కుతుంది, బూటు క్షేమం. తరచూ పని చేసుకునేవారికి కొనదగ్గది ఇదే. కొత్త జాయింటు పెట్టేటప్పుడు ఆ సన్నపాటి భాగానికి గ్రీజు పూయకండి. అది పొడిగా, శుభ్రంగా ఉంటేనే పట్టు.

అరువు తెచ్చుకోవాల్సిన పనిముట్టు

ర్యాక్ ఎండ్ విప్పడానికి పొడుగు గొట్టం లాంటి ప్రత్యేక పనిముట్టు ఉంది. బండికి ఏ అయిదారేళ్లకో ఒకసారి వాడే దాన్ని కొనడం డబ్బు పాతిపెట్టడమే. అమెరికాలో ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాలు ఇలాంటివి అరువిస్తాయి. ధర మొత్తం బయానాగా కట్టి తెచ్చుకుని, పని అయ్యాక తిరిగిచ్చేస్తే ఆ డబ్బంతా వాపసు ఇస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో సొంతంగా కారు బాగుచేసుకునే మనవాళ్లకు ఇది పెద్ద వరం. ఇక్కడైతే తెలిసిన మెకానిక్‌ను అడగొచ్చు. బూటు తీసేశాక చోటుంటే పాత ర్యాక్ ఎండ్‌ను పైపు రెంచితోనూ విప్పొచ్చు. కొత్తదాన్ని మాత్రం పళ్ల రెంచితో బిగించకూడదు.

స్టాండు దగ్గర బేరం వద్దు

బండితో ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద కారు నిలిపి కిందికి దూరడం ప్రాణాలతో చెలగాటం. ఇటుకలు, సిమెంటు బ్లాకులు హెచ్చరించకుండా పగులుతాయి. జాకీ స్టాండ్ల జత తప్పనిసరి, అందులోనూ మేలైనది. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల సంస్థ తన చౌక స్టాండ్లను భారీ సంఖ్యలో వెనక్కి పిలిచింది. తయారీ అచ్చులు అరిగిపోవడంతో పళ్ల పట్టు కొన్నిటిలో సరిగా కుదరక, బరువు మీద ఉన్నట్టుండి జారే ప్రమాదం ఏర్పడింది. వాటికి బదులుగా ఇచ్చిన వాటిలోనూ కొన్నిటికి వెల్డింగు లోపం తేలింది. రంధ్రంలోంచి పిన్ను దూర్చి నిలిపే రకమైతే పట్టు కంటికి కనిపిస్తుంది. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెడితే అదనపు రక్ష, ఖర్చు సున్నా.

నీళ్ల గొట్టాలు నేర్పిన కొలత

నట్టును ఎంత బిగించాలో కొలిచి చెప్పే టార్క్ రెంచిని న్యూయార్క్ నగర జలమండలిలో పనిచేసిన కాన్రాడ్ బార్ 1918లో రూపొందించాడు. భూమి లోపలి గొట్టాల బోల్టులను అతిగా బిగించి పాడుచేయకుండా ఉండటానికి ఆయన వెతికిన ఉపాయమది. స్టీరింగ్ నట్టు వదులైతే ఊడుతుంది, అతిగా బిగిస్తే మర తెగుతుంది. అందుకే ఈ రెంచి విలాసం కాదు. క్లిక్ మనే రకానికి అంతర్జాతీయ ప్రమాణం అనుమతించే తేడా 4 శాతం. దాంతో నట్లు విప్పకూడదు. పని అయ్యాక అంకెను కనిష్ఠానికి తిప్పి దాచాలి. ఎంత బిగించాలన్నది మీ బండి సర్వీస్ మాన్యువల్ చెప్పిన అంకె ప్రకారమే.

గోళ్ల రంగూ ఒక పనిముట్టే

పాత టై రాడ్ ఎండ్ విప్పకముందు లాక్ నట్టు ఉన్నచోట మర మీద గోళ్ల రంగుతో గీత పెట్టండి. గుండు మధ్య నుంచి లాక్ నట్టు దాకా పొడవును వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టండి. గీత, కొలత, లెక్క మూడూ ఉంటే కొత్తది దాదాపు పాత చోటికే చేరుతుంది. కొత్త భాగం పొడవు పాతదానితో రవ్వంత తేడాగా ఉండొచ్చు గనుక చుట్ల లెక్క ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఒక్క చుట్టు ఎంత పని చేస్తుంది

మర అంతరం 1.5 మిల్లీమీటర్లు, స్టీరింగ్ ఆర్మ్ పొడవు 130 మిల్లీమీటర్లు అనుకుందాం. టై రాడ్ ఎండ్‌ను ఒక్క చుట్టు ఎక్కువ తిప్పితే ఆ చక్రం 0.66 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. 14 అంగుళాల రిమ్ము ముందు అంచుకూ వెనక అంచుకూ మధ్య అది 4 మిల్లీమీటర్ల తేడా. టైర్లు ఒక అంచున అరిగిపోవడానికి ఆ తేడా చాలు. అందుకే ఎంత జాగ్రత్తగా చేసినా పని పూర్తవగానే నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లి వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఆ యంత్రం ఇంటికి కొనేది కాదు. దానికిచ్చే రుసుము టైర్ల ధర ముందు స్వల్పం.

ఒక్కసారికే పనికొచ్చేవి

నట్టు జారకుండా అడ్డం దూర్చే స్ప్లిట్ పిన్, లోపల నైలాన్ వలయం ఉన్న నైలాక్ నట్టు ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు. వంచి మళ్లీ నిటారు చేసిన పిన్ను అక్కడే విరుగుతుంది. పాత నైలాన్ మరను అంత గట్టిగా పట్టదు. కొత్తవి కొనడం టీ ఖర్చు పాటి పని. మేలైన టై రాడ్ ఎండ్ల పెట్టెలో కొత్త నట్టు కూడా వస్తుంది. కొనేటప్పుడే తెరిచి చూసుకోండి.

ఏ పనిముట్టూ కొనకూడని చోటు

విద్యుత్ మోటారు సాయంతో తిరిగే స్టీరింగు మొదటిసారి 1988లో సుజుకి సెర్వో కారులో వచ్చింది. కోయో సీకో సంస్థ దాన్ని తయారుచేసింది. మోటారు పైన కాలమ్‌కు ఉండే ఈ రకంలో కింది ర్యాక్‌లో హైడ్రాలిక్ నూనె ఉండదు. ర్యాక్ బూటు మార్చడం ఇంటి పనికి అనువే. కానీ స్టీరింగ్ చక్రం జోలికి మాత్రం పోవద్దు. అందులో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. దాని వెనక చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్, కాలమ్ విప్పి చక్రాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పితే తెగిపోతుంది. ఆ పైభాగాల పని శిక్షణ పొందిన మెకానిక్‌కే వదిలేయాలి.

కొనాల్సిన వరుస

మొదట జాకీ స్టాండ్ల జత, చక్రాలకు అడ్డుదిమ్మలు, కళ్లద్దాలు. తర్వాత అర అంగుళం బ్రేకర్ బార్, ఆరు మూలల సాకెట్లు, రింగు స్పానర్లు. మూడోది టార్క్ రెంచి. నాలుగోది దవడల పుల్లరు. సుత్తి, పైపు రెంచి, వైరు బ్రష్షు సంతలో పాతవి చాలు. ర్యాక్ ఎండ్ పనిముట్టు అరువు. అలైన్‌మెంట్ దుకాణంలో. ఈ వరుసలో నెలకొకటి చొప్పున కొనుక్కున్నా కొన్నాళ్లకు చక్కటి పెట్టె తయారవుతుంది. రెండు మూడు పనులకే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. ఈ పని మొదటిసారి చేస్తున్నప్పుడు అనుభవమున్న మనిషిని పక్కన ఉంచుకోండి. బిగించిన ప్రతి నట్టునూ బండి కదిలించే ముందోసారి, కొద్ది దూరం నడిపి వచ్చాక మరోసారి సరిచూసుకోండి.